మెమరీ అలొకేటర్ ఆప్షన్లకు పనికొచ్చే డాక్యుమెంటేషన్ రాయడం ఎలా?

ఋషికొండ ఐటీ కొండ మీద ఒక ఆఫీసులో పనిచేసే రోజుల్లో, ఒక రాత్రి మా సర్వీసు మెమరీ తినేస్తూ పోయింది. డ్యూటీలో ఉన్న కుర్రాడు మా లోపలి డాక్యుమెంట్ తెరిచాడు. అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది: "మాలాక్ అరీనా మ్యాక్స్: అరీనాల గరిష్ఠ సంఖ్యను నిర్ణయిస్తుంది." ఆ పేరు చివర అండర్‌స్కోర్ ఉండాలా వద్దా అన్నది అందులో లేదు. ప్రోగ్రామ్‌లకు మెమరీ పంచే అలొకేటర్ ఉన్న లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీలో మాలాక్ ట్రిమ్ థ్రెషోల్డ్ లాంటి పేర్ల చివర అండర్‌స్కోర్ ఉంటుందని అతనికి గుర్తుంది. అందుకని దీనికీ ఒకటి తగిలించి, విలువ 2 పెట్టి, సర్వీసు రీస్టార్ట్ చేశాడు. ఎర్రర్ రాలేదు. మెమరీ కూడా తగ్గలేదు. అర్ధరాత్రి దాటాక నాకు ఫోన్ చేసి, "అన్నా, పెట్టాను గానీ ఏం మారలేదు" అన్నాడు. మరో రెండు గంటలు ఇద్దరం టెన్షన్‌తో వేరేచోట్ల వెతికాం.

అరీనా మ్యాక్స్ పేరు చివర అండర్‌స్కోర్ ఉండదు. మాలాక్ ట్రిమ్ థ్రెషోల్డ్, మాలాక్ ఎంమ్యాప్ థ్రెషోల్డ్, మాలాక్ చెక్ పేర్లకు ఉంటుంది. ఉండని చోట పెడితే ఆ పేరుతో ఉన్న వేరియబుల్‌ను ఎవరూ చదవరు, కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. డాక్యుమెంట్‌లో ఆ వాక్యం రాసింది నేనే. అందులో అబద్ధం లేదు. కానీ పేరులో ఉన్న మాటనే తిప్పి చెప్పింది, అంతకు మించి ఏమీ ఇవ్వలేదు.

ఆ రాత్రి తర్వాత మా ఆప్షన్ల డాక్యుమెంట్ మొత్తం మళ్లీ రాశాను. అలా రాస్తున్నప్పుడు కుదిరిన పద్ధతి ఇది. పేరు అర్థం చెప్పడం దీని పని కాదు. విలువ మార్చబోతున్న మనిషి మనసులో ఉన్న ప్రశ్నలకు జవాబివ్వడం దీని పని. ఆప్షన్ల పేర్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో రాసుకోండి.

మొదటి అడుగు: అలొకేటర్ చేసే పనిని పాఠకుడికి ఒకసారి చూపించండి

చాలా డాక్యుమెంట్లు నేరుగా ఆప్షన్ల పట్టికతో మొదలవుతాయి. అరీనా అంటే ఏమిటో తెలియని వాడికి అరీనాల సంఖ్య గురించి చెప్పి లాభం లేదు. కాబట్టి పట్టికకు ముందు పది పన్నెండు వాక్యాల్లో ఒక బొమ్మ గీయండి.

నేను మావాళ్లకు పూర్ణా మార్కెట్ లెక్కలో చెబుతాను. ఒక టోకు వ్యాపారి గోడౌన్ అద్దెకు తీసుకున్నాడనుకోండి. చిల్లర కొట్లవాళ్లు వచ్చి తమ సరుకు పెట్టుకోవడానికి చోటు అడుగుతారు. ప్రతి ఒక్కడికీ విడిగా గోడౌన్ యజమాని దగ్గరకు పరిగెత్తితే రోజంతా అదే పని. అందుకని అతను ఒకేసారి పెద్ద గది తీసుకుని, ముక్కలు చేసి ఇస్తాడు. చిల్లరవాడు ఖాళీ చేసి వెళ్లినా గది తాళం వెంటనే యజమానికి ఇచ్చేయడు, ఇంకొకడు వస్తాడేమో అని కాసేపు అట్టిపెట్టుకుంటాడు. ఇక్కడ యజమాని ఆపరేటింగ్ సిస్టమ్, టోకు వ్యాపారి అలొకేటర్, చిల్లర కొట్టు మీ ప్రోగ్రామ్.

ఈ బొమ్మ ఉంటే మూడు సంగతులు తేలిగ్గా ఎక్కుతాయి. మొదటిది, ప్రోగ్రామ్ తనకిక అక్కర్లేదని ఫ్రీ అని పిలిచినంత మాత్రాన మెమరీ సిస్టమ్‌కు తిరిగి వెళ్లినట్టు కాదు. మెమరీ వాడకం చూపే టాప్ కమాండ్‌లో అంకె తగ్గకపోతే లీక్ అని కంగారు పడే వాళ్లలో సగం మందికి ఈ ఒక్క మాట చాలు. రెండోది, అరీనా అంటే విడిగా తాళం ఉన్న ఒక గోడౌన్. థ్రెడ్లన్నీ (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు, మన లెక్కలో ఒక్కొక్కటీ ఒక చిల్లరవాడు) ఒకే తలుపు దగ్గర వరుసలో నిలబడకుండా అలొకేటర్ అలాంటివి కొన్ని పెడుతుంది. ఎన్ని పెడితే క్యూ అంత తగ్గుతుంది, కానీ ప్రతి దాంట్లోనూ కొంత ఖాళీ చోటు వృథాగా పడి ఉంటుంది. మూడోది, థ్రెడ్ క్యాష్ అంటే ప్రతి చిల్లరవాడి చేతిలో ఉండే చిన్న సంచి. చిన్న చిన్న అవసరాలకు తలుపు దాకా వెళ్లకుండా అందులోంచే తీసుకుంటాడు. జీలిబ్‌సీలో ఇది 2.26 వెర్షన్‌తో వచ్చింది.

దాదాపు ప్రతి ఆప్షన్ ఈ బేరంలో ఏదో ఒక వైపు మొగ్గుతుంది: చోటు మిగలాలా, సమయం మిగలాలా. ఈ మాట డాక్యుమెంట్ మొదట్లోనే పెట్టేయండి.

రెండో అడుగు: నిజం ఎక్కడుందో వెతికి పట్టుకోండి

పాత డాక్యుమెంట్ చూసి కొత్తది రాయకండి, పాత తప్పులు కూడా వచ్చేస్తాయి. జీలిబ్‌సీకి మాలాప్ట్ మాన్యువల్ పేజీ మంచి ఆధారం. 2.25 వెర్షన్ నుంచి విలువలు మార్చడానికి ట్యూనబుల్స్ అనే కొత్త దారి వచ్చింది. జీలిబ్‌సీ ట్యూనబుల్స్ అనే ఒకే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి బయటి నుంచి అందే పేరు, విలువ) అన్నీ రాయవచ్చు. 2.33 నుంచి డైనమిక్ లోడర్‌ను "లిస్ట్ ట్యూనబుల్స్" ఫ్లాగ్‌తో నడిపితే ఆ మెషిన్ మీద ఉన్న ట్యూనబుల్స్ అన్నీ కనిష్ఠ, గరిష్ఠ విలువలతో సహా అచ్చవుతాయి. నేను ఏ డాక్యుమెంట్ మొదలుపెట్టినా ముందు ఆ జాబితా తీసి పక్కన పెట్టుకుంటాను.

జెమాలాక్ అనే ఇంకో అలొకేటర్‌కు అయితే స్టాట్స్ ప్రింట్ ఆప్షన్ ట్రూ పెట్టి ప్రోగ్రామ్ నడపండి. ముగిసేటప్పుడు అమల్లో ఉన్న ఆప్షన్ విలువలన్నీ చూపిస్తుంది. మీరు ఏం అనుకుంటున్నారో కాదు, అది ఏం అనుకుంటోందో అక్కడ కనిపిస్తుంది.

మూడో అడుగు: విలువ ఎక్కడి నుంచి వస్తుందో రాయండి

జెమాలాక్ ఆప్షన్లు నాలుగు చోట్ల నుంచి రావచ్చు. బిల్డ్ చేసేటప్పుడు పొందుపరిచిన స్ట్రింగ్, ప్రోగ్రామ్‌లోని మాలాక్ కాన్ఫ్ అనే గ్లోబల్ వేరియబుల్, ఈటీసీ ఫోల్డర్‌లో మాలాక్ డాట్ కాన్ఫ్ అనే సింబాలిక్ లింక్, చివరగా మాలాక్ కాన్ఫ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. ఇదే వరుసలో చదువుతుంది. తర్వాత చదివింది ముందు చదివినదాన్ని కొట్టేస్తుంది. ఈ వరుస రాయకపోతే ఒకరు కోడ్‌లో పెట్టిన విలువ, ఇంకొకరు సర్వర్‌లో పెట్టిన విలువ ఢీకొన్నప్పుడు ఏది గెలిచిందో ఎవరికీ తెలియదు.

ఇంకో మెలిక ఉంది. జెమాలాక్‌ను పేర్ల ముందు ఒక ప్రిఫిక్స్ తగిలించి బిల్డ్ చేస్తే ఆ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పేరు కూడా మారిపోతుంది. రస్ట్ భాషలో వాడే జెమాలాక్ ప్యాకేజీ మామూలుగా అలాగే బిల్డ్ అవుతుంది, అక్కడ పేరు అండర్‌స్కోర్ ఆర్‌జెమ్ అని మొదలవుతుంది. మీ టీమ్ వాడే బిల్డ్‌లో అసలు పేరు ఏమిటో డాక్యుమెంట్‌లో అక్షరం పొల్లుపోకుండా రాయాలి. కాపీ చేసి అతికించేలా ఉండాలి.

ఎన్విరాన్‌మెంట్ విలువను అలొకేటర్ ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే చదువుతుంది, నడుస్తున్న ప్రోగ్రామ్‌కు తర్వాత మార్చినా అందదు. షెల్ ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసింది సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) సర్వీసుకు చేరదు, దాన్ని యూనిట్ ఫైల్‌లో ఎన్విరాన్‌మెంట్ లైన్‌గా పెట్టాలి. సెట్‌యూఐడీ ప్రోగ్రామ్‌లు (నడిపినవాడి హక్కులతో కాక ఫైల్ యజమాని హక్కులతో నడిచేవి) భద్రత కోసం జీలిబ్‌సీ మాలాక్ వేరియబుల్స్‌ను పట్టించుకోవు. ఒక్కో వాక్యం చాలు, కానీ ఉండాలి.

నాలుగో అడుగు: సున్నా అంటే ఏమిటి, మైనస్ ఒకటి అంటే ఏమిటి

నా అనుభవంలో ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి, కాబట్టి కాస్త ఆగుదాం.

విశాఖలో పుట్టినవాళ్లకు పోర్టు ప్రమాద హెచ్చరికల సంగతి చెప్పక్కర్లేదు. తుపాను పుట్టిందంటే "పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వార్త వస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో పడవ ఉన్నవాడికి ఆ అంకె వినగానే ఏం చేయాలో తెలుస్తుంది. మొత్తం మీద అంకె పెరిగే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఊరి మీద పడిన రోజును చూసినవాళ్లకు పెద్ద అంకెల అర్థం ఇంకా బాగా తెలుసు. కానీ 11వ నంబరు 10 కంటే పెద్ద తుపాను అని అర్థం కాదు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, వాతావరణం చెడ్డగా మారే ప్రమాదం ఉందని స్థానిక అధికారి భావిస్తున్నాడని దాని అర్థం. వరుసలో చివరి అంకె వరుస నియమం పాటించదు. అది ఒక ప్రత్యేక విలువ. ఆ సంగతి ముందే రాసిపెట్టి ఉండబట్టే అది పనిచేస్తుంది.

అలొకేటర్ ఆప్షన్లలో 0, -1 ఇలాంటి ప్రత్యేక విలువలే, పైగా ఒక్కో చోట ఒక్కో అర్థం. జెమాలాక్‌లో డర్టీ డికే ఎంఎస్ 0 పెడితే ఖాళీ అయిన పేజీలను (సిస్టమ్ మెమరీని పంచే ముక్కలు) వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది, -1 పెడితే ఎప్పటికీ ఇవ్వదు. జీలిబ్‌సీలో అరీనా మ్యాక్స్ 0 అంటే అరీనాలు వద్దని కాదు, కోర్ల సంఖ్యను బట్టి నువ్వే నిర్ణయించుకో అని. ఎంమ్యాప్ మ్యాక్స్ 0 అంటే పెద్ద అభ్యర్థనలకు ఎంమ్యాప్ (సిస్టమ్‌ను నేరుగా అడిగి విడిగా చోటు తీసుకునే పిలుపు) అసలు వాడవద్దని. టీక్యాష్ కౌంట్ 0 అంటే థ్రెడ్ క్యాష్ ఆపేయమని. ట్రిమ్ థ్రెషోల్డ్ -1 అంటే హీప్ (అలొకేటర్ ముక్కలు చేసి ఇచ్చే చోటు) పైభాగాన్ని తగ్గించడం పూర్తిగా మానేయమని.

ఒకే సున్నాకు "వెంటనే", "నీ ఇష్టం", "వద్దు" అని మూడు అర్థాలు. పాఠకుడు ఒక ఆప్షన్‌లో నేర్చుకున్నది ఇంకోదానికి వేసి చూస్తాడు, అది మనిషి సహజం. కాబట్టి ప్రతి ఆప్షన్ కింద 0కి, -1కి విడిగా వాక్యాలు రాయండి. ఆ విలువ చెల్లకపోతే "చెల్లదు" అని అదీ రాయండి. ఖాళీగా వదిలేస్తే పాఠకుడు ఊహించుకుంటాడు.

ఐదో అడుగు: యూనిట్లు, వెర్షన్లు

జెమాలాక్ 4 శ్రేణిలో డికే టైమ్ ఆప్షన్ సెకండ్లలో ఉండేది. 2017లో వచ్చిన 5.0తో అది డర్టీ డికే ఎంఎస్ అయింది, యూనిట్ మిల్లీసెకండ్. పాత కాన్ఫిగరేషన్‌లోని 10ని కొత్త పేరు పక్కన అలాగే పెడితే పది సెకండ్లు కాస్తా సెకనులో నూరో వంతు అయిపోతుంది. మెమరీ తగ్గుతుంది, సీపీయూ ఎందుకు పెరిగిందో అర్థం కాదు. యూనిట్‌ను వివరణలో కలిపేయకుండా మొదటి వాక్యంలోనే చెప్పాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

పేరు ముందు ఎల్‌జీ అని ఉన్న ఆప్షన్లు ఇంకో రకం. ఎల్‌జీ టీక్యాష్ మ్యాక్స్ 15 అంటే 15 బైట్లు కాదు, పదిహేను రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేది, అంటే 32 కేబీ. 16 చేస్తే 64 కేబీ. విలువ ఒకటి పెంచితే పరిమితి రెట్టింపు అవుతుందని రాసి, రెండు ఉదాహరణలు ఇవ్వండి.

డిఫాల్ట్ విలువ రాసేటప్పుడు పక్కనే వెర్షన్ రాయండి. వెర్షన్ లేని డిఫాల్ట్ రెండేళ్లకు పాత క్యాలెండర్ అవుతుంది.

ఆరో అడుగు: ఏం చేయదో, దేనితో ముడిపడి ఉందో చెప్పండి

అరీనా మ్యాక్స్ మెమరీకి పరిమితి కాదు. 2 పెట్టినా ఆ రెండు అరీనాలు ఎంతైనా పెరగవచ్చు. ఈ ఒక్క వాక్యం మా పాత డాక్యుమెంట్‌లో ఉంటే ఎంతమందికి ఊరట దొరికేదో. 64 బిట్ మెషిన్ మీద జీలిబ్‌సీ డిఫాల్ట్ గరిష్ఠం కోర్ల సంఖ్యకు 8 రెట్లు. 8 కోర్లు ఉంటే 64 అరీనాలు. ప్రధాన అరీనా కాక మిగతావి ఒక్కో హీప్‌కు 64 ఎంబీ అడ్రస్ చోటు రిజర్వ్ చేసుకుంటాయి. అంటే 64 అరీనాలు తయారయ్యేసరికి వర్చువల్ అంకె దాదాపు 4 జీబీ చూపిస్తుంది. అదంతా వాడిన మెమరీ కాదు. టాప్‌లో వర్చువల్ కాలమ్‌నూ (రిజర్వ్ చేసినదంతా), రెసిడెంట్ కాలమ్‌నూ (నిజంగా మెమరీలో ఉన్నది) వేరుచేసి చూడమని అక్కడే చెప్పాలి.

కంటెయినర్ల సంగతి కూడా ఇక్కడే రాయండి. కంటెయినర్‌కు రెండు సీపీయూల కోటా ఇచ్చినా, జీలిబ్‌సీ ఆ కోటాను చూడదు. కింద ఉన్న మెషిన్‌కు 64 కోర్లు ఉంటే 64ను 8తో గుణించి 512 దాకా అరీనాలకు సిద్ధపడుతుంది. థ్రెడ్లు ఎక్కువగా ఉన్న సర్వీసులు కంటెయినర్‌లోకి మారగానే మెమరీ ఎందుకు పెరిగిందని అడిగేవాళ్లకు చాలాసార్లు జవాబు ఇదే.

ఆప్షన్లు ఒకదాన్నొకటి తాకుతాయి. జీలిబ్‌సీలో ఎంమ్యాప్ థ్రెషోల్డ్ (ఎంత పెద్ద అభ్యర్థన నుంచి ఎంమ్యాప్ వాడాలో చెప్పే హద్దు) డిఫాల్ట్ 128 కేబీ అని ఎక్కడ చూసినా ఉంటుంది. అది మొదలైనప్పటి మాట మాత్రమే. ఎంమ్యాప్‌తో తీసుకున్న పెద్ద ముక్కను ప్రోగ్రామ్ వదిలినప్పుడు ఆ పరిమితి దానంతట అదే పైకి జరుగుతుంది, 64 బిట్ మీద 32 ఎంబీ దాకా పోవచ్చు. ట్రిమ్ థ్రెషోల్డ్ దానికి రెట్టింపు అవుతుంది. మీరు ట్రిమ్ థ్రెషోల్డ్, టాప్ ప్యాడ్, ఎంమ్యాప్ థ్రెషోల్డ్, ఎంమ్యాప్ మ్యాక్స్‌లలో ఏ ఒక్కటి సెట్ చేసినా ఈ ఆటోమేటిక్ సర్దుబాటు ఆగిపోతుంది. డిఫాల్టే కదా అని ఎవరైనా 128 కేబీ అని చేత్తో రాసి పెట్టారనుకోండి. అది డిఫాల్ట్ కాదు, పెద్ద మార్పు.

ఏడో అడుగు: ఒక ఆప్షన్‌ను పూర్తిగా రాసి చూడండి

మిగతావాటికి అచ్చుగా ఉండేలా ఒకదాన్ని శ్రద్ధగా రాయాలి. నేను డర్టీ డికే ఎంఎస్‌ను ఎంచుకున్నాను, ఎందుకంటే పైన చెప్పిన చిక్కులన్నీ దాంట్లో ఉన్నాయి. మా డాక్యుమెంట్‌లో అది ఇప్పుడు ఇలా ఉంది:

"డర్టీ డికే ఎంఎస్. యూనిట్ మిల్లీసెకండ్. జెమాలాక్ 5.3లో డిఫాల్ట్ 10000, అంటే 10 సెకండ్లు. ప్రోగ్రామ్ వదిలేసిన పేజీలను జెమాలాక్ తన దగ్గర సుమారుగా ఎంతసేపు ఉంచుకోవాలో చెబుతుంది. గడువు తీరగానే అన్నీ ఒక్కసారిగా పోవు, ఆ వ్యవధిలో కొన్ని కొన్నిగా వెళతాయి. తగ్గిస్తే రెసిడెంట్ మెమరీ తగ్గుతుంది, కర్నెల్‌తో పని పెరిగి సీపీయూ ఖర్చవుతుంది. 0 అంటే వెంటనే ఇచ్చేయడం. -1 అంటే ఎప్పటికీ ఇవ్వకపోవడం. జాగ్రత్త: ఈ గడియారాన్ని అలొకేటర్ తనను ఎవరైనా పిలిచినప్పుడే చూసుకుంటుంది. పగలంతా రద్దీగా ఉండి రాత్రి నిద్రపోయే సర్వీసులో 10 సెకండ్లు దాటినా పేజీలు అలాగే ఉండిపోవచ్చు. అలాంటి చోట బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ ఆప్షన్ ట్రూ పెట్టండి, అది డిఫాల్ట్‌గా ఫాల్స్. ఇది అమల్లో ఉందో లేదో స్టాట్స్ ప్రింట్‌తో చూసుకోండి."

"జాగ్రత్త" అన్న దగ్గర నుంచి చివరి దాకా ఉన్నది పేరు చూసి ఎవరూ ఊహించలేనిది. డాక్యుమెంట్ విలువంతా ఆ భాగంలోనే ఉంది. ప్రతి ఆప్షన్‌కూ అలాంటి వాక్యం ఒకటైనా దొరుకుతుందేమో వెతకండి. దొరకలేదంటే మీకు ఆ ఆప్షన్ ఇంకా పూర్తిగా అర్థం కాలేదని నేను అనుకుంటాను.

ఎనిమిదో అడుగు: రాసినదాన్ని నడిపి చూడండి

డాక్యుమెంట్‌లోని ప్రతి మాటనూ ఒక చిన్న ప్రోగ్రామ్‌తో పరీక్షించవచ్చు. సీలో ముప్పై లైన్లు చాలు. పదహారు థ్రెడ్లు తెరిచి, ఒక్కోదానితో చిన్న ముక్కలు లక్ష తీసుకుని వదిలేయించండి. థ్రెడ్లను చంపకుండా నిద్రపుచ్చి, ప్రాక్ ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైల్ చదవండి. వర్చువల్, రెసిడెంట్ అంకెలు రాసుకోండి. ఇప్పుడు అరీనా మ్యాక్స్ 2 పెట్టి మళ్లీ నడపండి. ఆ తర్వాత కావాలనే చివర అండర్‌స్కోర్ తగిలించి మూడోసారి నడపండి. మూడోసారి అంకెలు మొదటిసారిలాగే ఉంటే ఆ ఆప్షన్ అమలు కాలేదన్నమాట. ఆ మూడు వరుసల అంకెలనూ, వాటిని ఏ మెషిన్ మీద, ఏ వెర్షన్ మీద తీశారో డాక్యుమెంట్‌లోనే పెట్టండి.

నడుస్తున్న సర్వీసుకు విలువ అందిందో లేదో తెలుసుకోవడానికి ప్రాక్ ఫోల్డర్‌లోనే ఎన్విరాన్ ఫైల్ ఉంది. ఆ రాత్రి మేం అది చూశాం, వేరియబుల్ కనిపించింది కాబట్టి తృప్తి పడ్డాం. అందడం వేరు, చదవడం వేరు. రెండూ ఎలా చూడాలో రాయండి. జెమాలాక్ ఈ విషయంలో కాస్త మేలు, తెలియని ఆప్షన్ పేరు కనిపిస్తే ఎర్రర్ అవుట్‌పుట్‌లో ఒక లైన్ రాస్తుంది. అబార్ట్ కాన్ఫ్ ట్రూ పెడితే ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. టెస్ట్ సర్వర్లలో దీన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచమని నా గట్టి సలహా.

తొమ్మిదో అడుగు: కొత్తవాళ్ల చేత చదివించండి

రాసినవాడికి తన వాక్యాల్లో లోటు కనిపించదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి డాక్యుమెంట్ ఇచ్చి, నేను పక్కన కూర్చుని మూడే ప్రశ్నలు అడిగాను. ఈ విలువ సున్నా చేస్తే ఏమవుతుంది? మార్పు అమల్లోకి రావాలంటే ఏం రీస్టార్ట్ చేయాలి? అమలైందని ఎలా తెలుస్తుంది? మొదటి రెండింటికి టకటకా చెప్పింది. మూడోదానికి ఆగిపోయి, "సార్, ఇక్కడ స్టాట్స్ చూడమన్నారు గానీ ఏ లైన్ చూడాలో రాయలేదు" అంది. నిజమే. ఆ లైన్ ఎలా కనిపిస్తుందో మర్నాడు చేర్చాను. మీరు మధ్యలో వివరించకండి, ఎక్కడ ఆగుతున్నారో గుర్తు పెట్టుకోండి.

భాష గురించి కూడా ఒక మాట. మావాళ్లు మెమరీ, థ్రెడ్, అరీనా, క్యాష్ అనే అంటారు. వాటిని స్మృతి, పోగు అని మార్చబోతే చదివేవాడు ముందు నా మాటలను అనువదించుకోవాలి. సాంకేతిక పదాలను అలాగే ఉంచి, వాటి మధ్య వాక్యాలను మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయండి. "నియంత్రించుటకు ఉపయోగపడును" కంటే "ఎంతసేపు ఉంచుకోవాలో చెబుతుంది" అర్ధరాత్రి త్వరగా ఎక్కుతుంది.

పదో అడుగు: వెర్షన్ మారిన రోజు

డాక్యుమెంట్‌ను కోడ్ ఉన్న రిపాజిటరీలోనే ఉంచండి. రెండో అడుగులో తీసిన ట్యూనబుల్స్ జాబితానూ, జెమాలాక్ స్టాట్స్ ప్రింట్ చూపిన ఆప్షన్ల భాగాన్నీ దాని పక్కనే టెక్స్ట్ ఫైళ్లుగా పెట్టండి. సర్వర్ ఇమేజ్ మారిన ప్రతిసారీ వాటిని మళ్లీ తీసి పాతవాటితో డిఫ్ చేయండి. కొత్తగా వచ్చిన పేరు, మాయమైన పేరు, మారిన డిఫాల్ట్ అందులో కనిపిస్తాయి. మేం ఆ డిఫ్‌ను బిల్డ్‌లోనే ఒక చెక్‌గా పెట్టాం. తేడా ఉండి డాక్యుమెంట్ మారకపోతే బిల్డ్ ఫెయిల్ అవుతుంది.